ఊరిది కాని రోడ్డు

కిందటి నెల అమ్మకి ఎనభై నిండాయని ఇక్కడ కెనడాలో మార్కమ్‌లో మా చర్చి హాల్లో భోజనాలు పెట్టాం. మిషిగన్ నుంచి మా బాబాయి కూతురు ప్రసన్న ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. ప్రసన్న నాకంటే నాలుగు నెలలు చిన్నది. ఆ నాలుగు నెలల తేడాకే నన్ను అక్కా అంటుంది. పొడుగ్గా ఉంటుంది, జుట్టుకి రంగు వేసుకోదు, ఎక్కడ నిలబడితే అక్కడ జనం దాని చుట్టూ చేరతారు. వాళ్ళ కౌంటీకి కమిషనర్ అది, ఓట్లతో గెలిచిన మనిషి. నేను ముప్పై ఏళ్ళుగా తెలుగులో కథలు రాస్తున్నాను, నాలుగు పుస్తకాలొచ్చాయి. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళలో వాటిని చదివింది మా అమ్మ ఒక్కతే. అది కూడా కళ్ళు బాగున్న రోజుల్లో.

మౌనిక అని కరీంనగర్ అమ్మాయి ఒకతె మా చర్చికి వస్తుంది. ఇక్కడ కాలేజీలో చదువుతూ వారాంతాల్లో పక్క ఊరు వాన్‌లో ఒక వేర్‌హౌస్‌లో పని చేస్తుంది. ఆ అమ్మాయి ప్రసన్నని పట్టుకుని, "ఆంటీ, కౌంటీ అంటే మన జిల్లా లెక్కనా? మరి స్టేట్ ఏం చేస్తది, సిటీ ఏం చేస్తది? నాకైతే అంతా కన్‌ఫ్యూజన్" అంది. ప్రసన్న చేతిలో ఉన్న భోజనం ప్లేటు బల్లమీద పెట్టింది. "ఈ ప్లేటు మొత్తం స్టేట్ అనుకో. కాన్‌స్టిట్యూషన్ ఢిల్లీలాంటి వాషింగ్టన్‌కి ఇచ్చిన పనులు కొన్నే. మిగతావన్నీ స్టేట్‌వి. స్కూల్స్, రోడ్లు, పోలీసు, ఎలక్షన్లు నడపడం. అన్నీ తనొక్కతే చెయ్యలేదు కదా, అందుకని ప్లేట్లో ఈ గిన్నెలు పెట్టుకుంది. ఈ పెద్ద గిన్నె కౌంటీ. కోర్టు, జైలు, షెరీఫ్, భూమి రికార్డులు. ఈ చిన్నది సిటీ, లేదా టౌన్‌షిప్. నీ చెత్త, నీ ఫైరింజన్, నువ్వు ఇల్లు ఎక్కడ కట్టుకోవచ్చు అనేది. ఈ పచ్చడి గిన్నె స్కూల్ డిస్ట్రిక్ట్, దాని బోర్డు దానిదే, పక్క గిన్నె మాట వినదు. గిన్నెలు పెట్టింది స్టేటే కాబట్టి మార్చనూ గలదు. కానీ ప్రతి గిన్నె దగ్గరా ఎవరు కూచోవాలో మేమే ఓటేసి చెప్తాం." చుట్టూ ఉన్న పిల్లలు అబ్బా అన్నారు. పప్పు గిన్నె పట్టుకుని నేనూ విన్నాను. రిచ్‌మండ్ హిల్ బేస్‌మెంట్లో మా నాన్న ఒకప్పుడు ఇదే పాఠం ఇంతకంటే బాగా చెప్పేవాడు, వినేవాళ్ళే లేరు అనుకున్నాను. నా లోపల ఎప్పుడూ ఆరని మంట ఒకటుంది, అది మళ్ళీ రాజుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. "అసలు నేను ఇందులోకి ఎలా వచ్చానో తెలుసా?" అంటూ ప్రసన్న తన మొదటి స్పీచ్ సంగతి ఎత్తుకుంది. పదహారేళ్ళప్పుడు ఒక రోడ్డు గురించి మాట్లాడటానికి టౌన్‌షిప్ మీటింగ్‌కి వెళ్ళిందట. ఆ రోడ్డు టౌన్‌షిప్‌ది కాదు, కౌంటీది, అక్కడికి వెళ్ళండి అని చెప్పడానికి క్లర్కు ముందే ఇంటికి ఫోన్ చేసిందట. "ఫోనెత్తింది మా నాన్నమ్మ! ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు రెండే ముక్కలు. 'నో హోమ్!' అని పెట్టేసింది." నాన్నమ్మ గొంతుతో, రెండు చేతులూ ఆడించి మరీ చెప్పింది. హాలంతా గొల్లున నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఎన్నో మీటింగుల్లో చెప్పి చెప్పి నునుపు తేలిన కథ అది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వు వస్తుందో ప్రసన్నకి బాగా తెలుసు.

నేను పప్పు గిన్నెతో వంటగదిలోకి వెళ్ళిపోయాను. ఆ ఫోనెత్తింది నాన్నమ్మ కాదు. నేను.

ఆ వేసవికి మేం కెనడా వచ్చి ఏడాది దాటింది. రిచ్‌మండ్ హిల్‌లో ఒక ఇటాలియన్ ముసలాయన ఇంటి బేస్‌మెంట్లో ఉండేవాళ్ళం. పైనుంచి ఆయన వైన్ పులిసే వాసన, కింద మా చింతపండు వాసన, రెండూ మెట్ల మీద కలిసేవి. మా నాన్న పాలకొల్లు హైస్కూల్లో సోషల్ మాస్టారు. గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తు పాఠం ఆయన చెబితే పిల్లలు బెల్లు కొట్టినా లేచేవాళ్ళు కాదట. ఇక్కడ వాన్‌లో ఒక గోడౌన్లో పెట్టెలు మోసేవాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, తెచ్చుకున్న అట్టముక్కల వెనక పెన్సిల్‌తో గళ్ళు గీసేవాడు. "ఇది మన టౌన్ కౌన్సిల్. దీని పైన రీజియన్. పెద్ద రోడ్లూ, నీళ్ళూ, పోలీసూ రీజియన్ చేతిలో. ఆ పైన ప్రావిన్స్. ప్రావిన్స్ తలుచుకుంటే ఒక్క చట్టంతో రెండు ఊళ్ళని కలిపి ఒక్కటి చేస్తుంది. అవతల అమెరికాలోనూ ఊళ్ళకి అధికారం ఇచ్చేది రాష్ట్రమే. కాకపోతే వాళ్ళు గవర్నరు దగ్గర్నించి మురుగు కాలవలు చూసే ఆఫీసరు దాకా అందర్నీ ఎన్నుకుంటారు, చూశావా తమాషా!" అనేవాడు. అమ్మ నర్సింగ్ హోమ్ వంటశాలలో పని చేసి కాళ్ళు పీకుతూ వచ్చి నిద్రపోయేది. వినేదాన్ని నేనొక్కదాన్నే. నేను కూడా సగమే వినేదాన్ని.

సెలవులకి నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక బాబాయి వాళ్ళింటికి పంపారు. బాబాయి మాకంటే పన్నెండేళ్ళ ముందు అమెరికా వెళ్ళి కార్ల కంపెనీలో ఇంజనీరయ్యాడు. పొలాలు కొట్టేసి కట్టిన కొత్త ఇళ్ళు అవి. మెట్లెక్కి పైకి వెళ్ళే ఇల్లు. ప్రసన్నకి సొంత గది, సొంత కిటికీ, ఆ కిటికీకి పూల తెర. బేస్‌మెంట్ వాళ్ళకీ ఉంది, కానీ అందులో పాత సామాన్లు పెట్టుకున్నారు. మేం కాపురముండే చోటు వాళ్ళకి సామాన్ల గది. మొదటి రోజే నేను చూసింది అదే. గ్రేస్ పిన్ని ఎండు రొయ్యలు వేయించేటప్పుడు పక్కిళ్ళకి వాసన పోతుందని కిటికీలన్నీ మూసేది, ఆ వాసన మా జడల్లో, దిండు గలీబుల్లో రెండేసి రోజులుండేది. పెరట్లో నాన్నమ్మ గోంగూర వేసింది. ఆ చలి దేశంలో అది మోకాలెత్తు దాటేది కాదు, అయినా పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క ఆకునీ పలకరించేది.

నాన్నమ్మ పేరు సువార్తమ్మ. తెల్లచీర మీద బాబాయి పాత స్వెట్టరు, కాళ్ళకి ప్రసన్నకి బిగుతైపోయిన కాన్వాస్ బూట్లు. పొద్దున అయిదింటికే లేచి గోడకి ఆనుకుని ప్రార్థన చేసేది. మంద్రంగా, ఎదురుగా కూచున్నవాళ్ళతో మాట్లాడినట్టు. ఆ ప్రార్థనలో అందరి పేర్లూ వచ్చేవి. ముందు ప్రసన్న, దాని చదువు, దాని దగ్గు. తర్వాత బాబాయి, ఆయన ఉద్యోగం, ఆయన కారు. ఆ తర్వాత మా నాన్న. చివర్న "కరుణని కూడా" అనేది. కరుణ అంటే నేను. పక్క గదిలో కళ్ళు మూసుకుని నా పేరు కోసం కాచుకుని పడుకునేదాన్ని. కారు తర్వాత వచ్చేది. తలకి నూనె రాయడానికి పీట వేసుకుంటే మొదట ప్రసన్న కూచోవాలి. నా వంతు వచ్చేసరికి నాన్నమ్మ చేతులు అలిసిపోయి ఉండేవి. ప్రసన్న నాలుగేళ్ళప్పటి నుంచీ ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్ల, నేను చుట్టపు చూపుగా వచ్చినదాన్ని. ఇప్పుడది అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నా వంతు రాగానే నాకు నూనె వద్దని లేచిపోయేదాన్ని.

ఇంటి ముందు సందు దాటితే పెద్ద రోడ్డు. రెండు వైపులా కాలవ, నడవడానికి బాట లేదు. కంకర లారీలు గాలి దుమారంలా వెళ్ళేవి. రోడ్డుకి అవతల పాత చెక్క ఇంట్లో హెలెన్ అని పోలండ్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. నాన్నమ్మ ఆవిడని హేలేనమ్మ అనేది. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి భాష లేదు. నాన్నమ్మ తన తెలుగు బైబిలు సంచిలో పెట్టుకుని వెళ్ళేది. ఆవిడ తన పోలిష్ బైబిలు తీసేది. వేళ్ళమీద అధ్యాయం చూపించేవారు, వచనం చూపించేవారు. ఒకే చోటికి వచ్చాక ఒకరు చదివితే ఒకరు తలూపేవారు. తర్వాత ఇద్దరూ కూచుని చిక్కుళ్ళు వొలిచేవారు. నాన్నమ్మకి ఆ దేశంలో ఉన్న ఏకైక స్నేహితురాలు ఆవిడ. ఇక్కడ మా అమ్మ ఇప్పుడు పక్కింటి చైనా ఆవిడతో ఫోన్ మధ్యలో పెట్టుకుని మాట్లాడుతుంది. ఈవిడ తెలుగులో అంటే అది చైనీసులో పలుకుతుంది. గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, చీటికీ మాటికీ అపార్థాలు చేసుకుంటారు కూడా. నాన్నమ్మకీ హెలెన్‌కీ అపార్థం అన్నదే లేదు.

జులైలో ఒక పొద్దున నాన్నమ్మ రోడ్డు దాటుతుంటే లారీ ఒకటి మరీ దగ్గర్నుంచి దూసుకుపోయింది. తగల్లేదు, దాని గాలికే కాలవలో పడింది. మోచేతులు దోక్కుపోయాయి, కళ్ళజోడు విరిగింది. బాబాయి గట్టిగా చెప్పేశాడు. "అమ్మా, ఇక ఆ రోడ్డు దాటకు. సెలవులున్నన్నాళ్ళూ పిల్లలు దాటిస్తారు. స్కూళ్ళు తెరిచాక కుదరదు." నాన్నమ్మ ఆ రోజంతా ముందుగది కిటికీ దగ్గర కూచుంది. ప్రసన్న దాన్ని చూసి, "నేను టౌన్‌షిప్ మీటింగ్‌లో మాట్లాడతా. అక్కడ క్రాసింగ్ పెట్టమని, స్పీడ్ తగ్గించమని అడుగుతా. మా టీచర్ చెప్పింది, ఎవరైనా మాట్లాడొచ్చు, మూడు నిమిషాలిస్తారు" అంది.

పేరు రాయించుకోవడానికి ఇద్దరం సైకిళ్ళ మీద టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్ళాం. క్లర్కు అంటే మన ఊళ్ళో బల్ల వెనక పాన్ నమిలే గుమస్తా అనుకున్నాను. అక్కడ క్లర్కు ఓట్లతో గెలిచినావిడ. తెల్లజుట్టు, ముక్కు చివర కళ్ళజోడు. ప్రసన్న చెప్పిందంతా విని, పేరూ ఫోన్ నంబరూ రాసుకుని, "నాకు నీలాంటి పిల్లలు కావాలి" అంది. నేను పక్కనే నిలబడ్డాను. నువ్వెవరని అడగలేదు. రెండు వారాలు ఇంట్లో ఆ స్పీచే. భోజనాలయ్యాక ప్రసన్న నిలబడి చదివేది, బాబాయి వాచీ పట్టుకునేవాడు, పిన్ని కళ్ళు తుడుచుకునేది. నాన్నమ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పెదాలు కదిపేది. నన్ను కుర్చీలో కూచోబెట్టి చైర్మన్‌లా నటించమన్నారు. ఒకసారి నేను, "టౌన్‌షిప్‌కి రోడ్ల మీద అధికారం ఉంటుందా? మా నాన్నని అడగనా?" అన్నాను. బాబాయి నవ్వి, "అన్నయ్యకి పంచాయతీరాజ్ తెలుసమ్మా, ఇది అమెరికా" అన్నాడు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ పెట్టెలు మోసి వచ్చి అట్టముక్కల మీద గళ్ళు గీసుకునే మా నాన్న కళ్ళముందు కదిలాడు. ఆ గళ్ళలో ఒక్కటీ తెలియని పిల్లకి చప్పట్లు పడుతున్నాయి, మా నాన్నకి నవ్వు పడింది.

మీటింగ్‌కి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం. పిన్ని బజారుకి వెళ్ళింది, ప్రసన్న నాన్నమ్మని హెలెన్ ఇంటికి దాటించడానికి వెళ్ళింది. వంటింటి గోడమీద ఫోన్ మోగింది. నేనెత్తాను. క్లర్కు. నిదానంగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ రోడ్డు టౌన్‌షిప్‌ది కాదు. ఈ రాష్ట్రంలో టౌన్‌షిప్‌లకి సొంత రోడ్లే ఉండవు, అన్నీ కౌంటీ రోడ్ కమిషన్ కింద. వాళ్ళ మీటింగ్ మర్నాడు పొద్దున్నే. మంచు పడేలోగా చేసే పనుల లిస్టు ఆ రోజే ఖాయం చేస్తారు. "మీ చెల్లెల్ని అక్కడికి వెళ్ళమను. ఇక్కడ మాట్లాడినా తప్పులేదు, కానీ మా చేతిలో ఏమీ లేదు. స్పీడ్ సంగతైతే రాష్ట్ర పోలీసులు కూడా ఒప్పుకోవాలి. రాసుకున్నావా అమ్మా?" అంది. రాసుకున్నాను. పేపరు అంచున, టైముతో సహా. థాంక్యూ చెప్పాను. ఫోన్ పెట్టేసి ఆ అంచు చింపి, చిన్న చిన్న ముక్కలు చేసి, బంగాళదుంప తొక్కల కింద చెత్తలో వేశాను.

కోపంతో చేశానని చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది. కోపం లేదు. చాలా ప్రశాంతంగా ఉంది. మా నాన్న చెప్పిందే నిజమైంది, ఇంట్లో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మొదటిసారి ప్రసన్న దగ్గర లేనిది నా దగ్గర ఒకటుంది. ఇచ్చేస్తే అదీ ప్రసన్నదే అయిపోతుంది కదా. సాయంత్రం ప్రసన్న స్పీచ్ చదువుతుంటే చైర్మన్ కుర్చీలో కూచుని, "ఇంకొంచెం గట్టిగా చదువు" అన్నాను కూడా.

టౌన్‌షిప్ మీటింగ్‌కి అందరం వెళ్ళాం. నాన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. హెలెన్ని కూడా కార్లో ఎక్కించుకున్నాం. ముసలాళ్ళిద్దరూ ముందు వరసలో చేతులు పట్టుకుని కూచున్నారు. ప్రసన్న బాగా మాట్లాడింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు, చాలా బాగా మాట్లాడింది. ఇద్దరు స్నేహితురాళ్ళు, మధ్యలో ఒక రోడ్డు. కాగితం చూడకుండా చెప్పింది. చివర్న వెనక్కి తిరిగి వాళ్ళిద్దర్నీ చూపించింది. పెద్దమనిషి, వాళ్ళ లెక్కలో సూపర్‌వైజరు, గొంతు సవరించుకుని, "మంచి ప్రసంగం అమ్మా. కానీ ఆ రోడ్డు మాది కాదు. కౌంటీది" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ప్రసన్న చేతిలో కాగితాన్ని మడతలు పెట్టడం చూశాను. నాలో ఏదో చల్లగా దిగింది. సంతోషమే అది. ఇంకో పేరు పెట్టను.

అప్పుడు క్లర్కు అంది. "నేను మొన్న మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కదా? అందలేదా?" ప్రసన్న మా వైపు తిరిగింది. "ఫోన్ ఎవరెత్తారు?" పిన్ని తల అడ్డంగా ఊపింది. "కరుణక్కా, నువ్వా?" అంది. "నాకెవరూ చెయ్యలేదు" అన్నాను. క్లర్కు నావైపు చూసింది. ఫోన్లో విన్న గొంతు ఆవిడ గుర్తుపట్టిందో లేదో తెలియదు. కాగితాల్లోకి తల దించుకుంది. బాబాయి నాన్నమ్మ వైపు వంగి, "అమ్మా, నువ్వేమైనా ఎత్తావా?" అని తెలుగులో అడిగాడు. నాన్నమ్మ ఫోన్ మోగితే ఎత్తడం, "నో హోమ్" అని పెట్టేయడం ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ మొహం పాలిపోయింది. "ఎత్తానేమో నాయనా. రోజూ ఎత్తుతూనే ఉంటానుగా. నాకేం తెలుస్తుంది" అంది. తర్వాత ప్రసన్న చెయ్యి పట్టుకుని, "నా మూలాన నీ పని చెడిపోయింది బంగారం" అంది. నేను ఆవిడకి రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాలేదు. తెరవలేదు.

సెలవులైపోయి నేను రిచ్‌మండ్ హిల్ వచ్చేశాను. ప్రసన్న ఊరుకోలేదు. సెప్టెంబరులో కౌంటీ రోడ్ కమిషన్‌కి వెళ్ళింది. లిస్టు అయిపోయింది, మంచులో రంగు వెయ్యలేం, వసంతంలో చూద్దాం అన్నారు. స్పీడ్ తగ్గించడానికి రాష్ట్ర పోలీసులు వచ్చి కార్లు లెక్కపెట్టాలన్నారు. వాళ్ళకి ఉత్తరం రాసింది. రాష్ట్ర అసెంబ్లీలో వాళ్ళ ప్రాంతం సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒక్కొక్క తలుపూ తడుతూ ఏ పని ఎవరిదో కంఠతా నేర్చుకుంది. మా నాన్న అట్టముక్కల మీద గీసిన గళ్ళన్నిట్లోనూ అది కాలు పెట్టింది. మరుసటి ఏప్రిల్లో తెల్లగీతలు పడ్డాయి, పసుపు లైటు పెట్టారు, స్పీడ్ తగ్గించారు. అప్పటికి ఆ చెక్క ఇల్లు ఖాళీ. చలికాలంలో హెలెన్‌కి జబ్బు చేస్తే కొడుకు వచ్చి ఒహాయో తీసుకుపోయాడు. వెళ్ళే రోజు నాన్నమ్మని బాబాయి కార్లో తీసుకెళ్ళి చూపించాడట. ఇద్దరూ బైబిళ్ళు తెరవలేదట, ఊరికే కూచున్నారట. గీతలు పడ్డాక నాన్నమ్మ ఆ రోడ్డు ఒక్కసారే దాటిందని పిన్ని చెప్పింది. ప్రసన్న ముచ్చట తీర్చడానికి.

ఇంకో సంగతి. ఆ మీటింగ్ తర్వాత నాన్నమ్మ ఫోన్ ముట్టుకోలేదు. ఆదివారాలు మా నాన్న చేస్తే ఎవరో ఒకరు రిసీవరు చెవి దగ్గర పెట్టాల్సిందే. మధ్యలో ఒకసారి నేను చేస్తే ఇంట్లో ఆవిడొక్కతే ఉందట. ఫోన్ మోగుతూనే ఉంది. పక్కన కూచుని వింటూ ఉండి ఉంటుంది. ఎత్తితే మళ్ళీ ఎవరి పని చెడిపోతుందోనని. మరో మూడేళ్ళు బతికింది.

అమ్మ పుట్టినరోజు అయిన మర్నాడు పొద్దున ప్రసన్న బయల్దేరబోతోంది. నేను పెసరట్లు వేస్తున్నాను. స్టవ్ కట్టేసి చెప్పాను. ఫోన్, పేపరు అంచు, చెత్తబుట్ట, అన్నీ. అది బ్యాగు జిప్పు మీద చెయ్యి అలాగే ఉంచి వింది.

"ఎందుకు?" అంది చివరికి.

"నీ స్పీచ్ బాగుంది. అందుకు."

బ్యాగు కింద పెట్టి కుర్చీలో కూచుంది. తర్వాత, "నేను ఆ రోజు ఎంబరాస్ అయ్యింది ఎప్పుడో మర్చిపోయా అక్కా. అదే నన్ను నిలబెట్టింది కూడా. కానీ నాన్నమ్మ... ఎన్ని క్యాంపెయిన్లలో చెప్పాను ఆ జోకు! ఎంతమందిని నవ్వించాను!" అంది. "నిన్న నీ ముందే చెప్పాను. నువ్వు పప్పు వడ్డిస్తూ విన్నావు."

"విన్నాను."

పెసరట్టు ముట్టుకోలేదు. అమ్మకి దణ్ణం పెట్టి, నావైపు చూడకుండా కారెక్కింది. మూడు వారాలు ఫోన్ లేదు. అమ్మ రోజూ అడిగేది, ప్రసన్న చేసిందా అని. బిజీగా ఉందనేదాన్ని.

ఆ తర్వాత ఒక వీడియో లింకు పంపింది. పక్కన ఒక్క మాట లేదు. వాళ్ళ కౌంటీ బోర్డు మీటింగ్. రెండు గంటల వ్యవహారం. జైలు పైకప్పు, కుక్కల షెల్టరు, ఒక వంతెన. అంతా చూశాను. చివర్న కమిషనర్లు తలా రెండు మాటలు మాట్లాడే చోట ప్రసన్న మైకు దగ్గరికి జరిగింది. "ఈ హాల్లో చాలామందికి నేను మా నాన్నమ్మ గురించి ఒక కథ చెప్పాను. మీరు నవ్వారు. ఆ కథ నిజం కాదని నాకు ఈమధ్యే తెలిసింది. ఆవిడ ఏ ఫోనూ ఎత్తలేదు, ఏ కబురూ పోగొట్టలేదు. చెయ్యని తప్పు మీద వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ పేరు ఈ మీటింగ్ రికార్డులో, మినిట్స్‌లో రాయమని క్లర్కుని కోరుతున్నాను" అని, సువార్తమ్మ అన్న పేరుని ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం విడదీసి, నిదానంగా చెప్పింది. ఆ క్లర్కెవరో, ఎక్కడో కూచుని, ఆ అక్షరాలు టైపు చేస్తున్న చప్పుడు వినపడింది.

ముప్పై ఏళ్ళు రాశాను. నాలుగు పుస్తకాల్లో ఎవరెవరి నాన్నమ్మలో ఉన్నారు. సువార్తమ్మ పేరు ఒక్కచోట లేదు. తెలుగు చదవడం రాని ప్రసన్న ఆ పేరుని ముందు ఒక కౌంటీ రికార్డుల్లోకి ఎక్కించింది. ఆ వీడియో ఆపేశాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, అదే పాత కుళ్ళు. ఇది కూడా ప్రసన్నే ముందు చేసింది, నాకంటే బాగా చేసింది. అలా కాసేపు కూచున్న తర్వాతే ఏడుపు వచ్చింది.

ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"స్పెల్లింగ్ కరెక్టేనా అక్కా?" అంది.

"కరెక్టే. నా పేరెందుకు చెప్పలేదు?"

"అది నేను చెప్పేది కాదు. నువ్వు చెప్పుకోవాలి."

ఆ ఫోనెత్తింది కరుణ.